స్నార్కెల్ ముందా, బూట్లు ముందా?

(సముద్రం, డైవింగ్ గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు విశాఖపట్నానికి చెందిన ఓ డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ ఇస్తున్న జవాబులు)

ప్రశ్న: నమస్తే సార్. మేం నలుగురు స్నేహితులం, ఒకే ఆఫీసు. పోయినేడాది అండమాన్‌లో ఓపెన్ వాటర్ కోర్సు (డైవింగ్‌లో మొదటి మెట్టు) చేశాం. ఈసారి బాలిలోని తులాంబెన్ వెళ్లి, పడవ ఖర్చు లేకుండా ఒడ్డు నుంచే నడిచి దిగి డైవ్ చేద్దామనుకుంటున్నాం. బడ్జెట్ చాలా టైట్. కోర్సులో స్నార్కెల్ (నీటి మీద తేలుతూ గాలి పీల్చుకునే గొట్టం) తప్పనిసరి అన్నారు. తీరా తర్వాత చేసిన డైవ్‌లలో చూస్తే మా గైడ్‌ల మాస్క్‌లకే స్నార్కెల్ లేదు. మాలో ఇద్దరు కొనాల్సిందే అంటున్నారు, ఇద్దరు దండగ అంటున్నారు. దీని మీద వాట్సాప్ గ్రూపులో వారం నుంచి గొడవ. ఏం చేయమంటారు? - ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కొనండి. కానీ డైవ్‌కి దిగేటప్పుడు దాన్ని గదిలో పెట్టి రండి. ఇదేం జవాబండీ అంటారేమో, కాస్త ఓపిక పట్టండి.

కోర్సులో తప్పనిసరి అన్నమాట నిజమే. నేను కూడా పదిహేనేళ్లుగా పిల్లలకు అదే చెబుతున్నాను. నీటి మీద తేలుతూ నోట్లోంచి స్నార్కెల్ తీసి, ట్యాంకులో గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ పెట్టుకోవడం, మళ్లీ అది తీసి ఇది పెట్టుకోవడం మీ చేత కూడా చేయించే ఉంటారు. పైన ఉన్నంతసేపు ఊరికే దొరికే గాలి పీల్చుకుని, ట్యాంకులో గాలిని కిందికి దాచుకోమని దాని ఉద్దేశం. క్లాసు అయిపోయి మామూలు డైవ్‌కి వెళ్లేటప్పుడు మాత్రం నా మాస్క్‌కీ స్నార్కెల్ ఉండదు. మీ గైడ్‌లను ఏమీ అనకండి.

నీళ్లలోకి వెళ్లాక అది తలకు ఎడమ పక్కన వేలాడే ఓ కర్ర, అంతే. రెగ్యులేటర్ గొట్టం కుడి భుజం మీదుగా వస్తుంది కాబట్టి దీనికి ఎడమ పక్క ఇచ్చారు. ప్రవాహం కాస్త గట్టిగా ఉంటే ఆ కర్ర ఊగుతూ మాస్క్ పట్టీని లాగుతుంది, మాస్క్ అంచు నుంచి నీళ్లు చెమ్మగా దిగడం మొదలవుతుంది. కొత్తవాళ్లు మాస్క్ మంచిది కాదనుకుని పట్టీ ఇంకా బిగిస్తారు. తలనొప్పితో పైకి వస్తారు. జుట్టు పొడుగ్గా ఉన్నవాళ్ల బాధ వేరే. పాత ఓడల దగ్గర తెగిపోయిన గాలపు తాళ్లు వేలాడుతుంటాయి, అవి దీనికి చుట్టుకుంటే చేత్తో తడుముకుని విడిపించుకోవాలి. మీరు వెళ్లేదే పాత ఓడ దగ్గరికి.

ఆ ఓడ కథ మీ ప్రశ్నకు సంబంధించిందే. పేరు లిబర్టీ. అమెరికా సైన్యానికి సరుకులు మోసే ఓడ, సుమారు 120 మీటర్ల పొడవు. 1942 జనవరిలో లోంబోక్ జలసంధిలో జపాన్ సబ్‌మెరైన్ టార్పెడోతో కొట్టింది. రెండు యుద్ధనౌకలు దాన్ని సింగరాజా రేవుకి లాక్కెళ్దామని చూశాయి. మధ్యలోనే నీళ్లు నిండిపోతుంటే తులాంబెన్ ఒడ్డుకి ఎక్కించేశారు. ఇరవై ఏళ్లకు పైగా అలా ఒడ్డు మీదే పడి ఉంది. 1963లో వెనకున్న అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ అదురుకి జారి సముద్రంలోకి వెళ్లింది. వెళ్లి ఎక్కడో దూరంగా పడలేదు, ఒడ్డుకి ముప్పై నలభై మీటర్ల దూరంలోనే వాలు మీద పడుకుంది. పై భాగం అయిదారు మీటర్ల లోతులోనే తగులుతుంది, అడుగు ముప్పై మీటర్ల దాకా ఉంటుంది. అంటే మీరు నడుము లోతు నీళ్లలో ఫిన్స్ (ఈదడానికి పాదాలకు వేసుకునే రెక్కలు) తొడుక్కుని, తల ముంచి, రెండు మూడు నిమిషాలు కాళ్లాడిస్తే ఓడ కనబడుతుంది. పైపైన ఈదాల్సిన దూరమంటూ ఏమీ లేదు. ఇంత దగ్గరికి స్నార్కెల్ ఎందుకు?

వచ్చేటప్పుడు గాలి సరిపోకపోతేనో అని మీలో ఎవరో ఒకరు అడుగుతారు. లెక్క వేద్దాం. అద్దెకిచ్చే మామూలు అల్యూమినియం ట్యాంకు 11 లీటర్లది. 50 బార్ (ట్యాంకులో గాలి ఒత్తిడికి కొలత) మిగిలి ఉండగా పైకి రమ్మని నేర్పించారు కదా. 11ని 50తో గుణిస్తే 550 లీటర్ల గాలి. అలల్లో కంగారుపడి, కాళ్లు గట్టిగా కొడుతూ, నీటి మీద నిమిషానికి 30 లీటర్లు పీల్చేశారే అనుకుందాం. అయినా 18 నిమిషాలు వస్తుంది. నలభై మీటర్లకి 18 నిమిషాలు పట్టే మనిషిని నేనింతవరకు చూడలేదు. ఒకవేళ 20 బార్‌తో పైకి తేలారంటే స్నార్కెల్ లేకపోవడం అక్కడ అసలు సమస్య కాదు. ట్యాంకులో గాలి ఎంతుందో చూపే గేజ్ చేతికందే దూరంలోనే ఉన్నా అరగంటగా చూడలేదు, దాని సంగతి ముందు చూసుకోవాలి.

ఇంకో చిన్న కిటుకు. పైన అలలు గజిబిజిగా ఉంటే మూడు మీటర్ల లోతున ఈదుతూ ఒడ్డుకి రండి. అక్కడ గాలి ఖర్చు పైనకంటే మూడో వంతే ఎక్కువ. ఒళ్లు అటూ ఇటూ కొట్టుకోదు కాబట్టి ఆ ఖర్చు కూడా తిరిగి వచ్చేస్తుంది. అదే పది మీటర్ల లోతున అయితే పైనకంటే రెట్టింపు, ఇరవైలో మూడు రెట్లు.

ఇక ఒడ్డు దగ్గర సంగతి. దీన్ని నా మోకాలు మీద మచ్చ చూపించి చెప్పాలి, పేపర్లో కుదరదు కాబట్టి మాటల్లో చెబుతాను. తులాంబెన్‌లో ఇసుక ఒడ్డు కాదు. అగ్నిపర్వతం రాళ్లు, నల్లగా, నున్నగా, కొన్ని కొబ్బరికాయంత, కొన్ని గుమ్మడికాయంత. మా ఆర్కే బీచ్‌లో నిలబడితే అల వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది, విశాఖ పిల్లలందరికీ తెలుసు. అక్కడ ఇసుక బదులు రాళ్లు కదులుతాయి. అల వెనక్కి పోయేటప్పుడు గలగలమని చప్పుడు వినబడుతుంది. ఆ చప్పుడు పెద్దదిగా ఉన్న రోజున కాఫీ తాగుతూ గంట కూర్చోవడం మంచిది.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు కూర్చోలేదు. డైవ్ బాగా అయింది, మోకాలి లోతుకి వచ్చేశాను. నా వెనకాల ఇద్దరు స్టూడెంట్లున్నారు, వాళ్లకి పాఠం చూపిద్దామనుకున్నాను కాబోలు, రెగ్యులేటర్ తీసి స్నార్కెల్ నోట్లో పెట్టుకున్నాను. ఆ క్షణంలో అల వచ్చి గొట్టం నిండా నీళ్లు పోసింది. దగ్గు. దగ్గుతూ వంగాను, వీపు మీద ట్యాంకు బరువు ముందుకి తోసింది, రెండో అల కాళ్లు లాగేసింది. మోకాలు రాయికి కొట్టుకుంది. మూడో అల స్నార్కెల్‌ని పట్టుకుని మాస్క్‌తో సహా తలమీంచి ఊడదీసుకుపోయింది. అక్కడ ట్యాంకులు మోసే ఆడవాళ్లుంటారు, నెత్తిన గుడ్డ చుట్ట పెట్టుకుని, దాని మీద ట్యాంకు పెట్టుకుని, హవాయి చెప్పులతో అవే రాళ్ల మీద చకచకా నడిచిపోతుంటారు. వాళ్లలో ఓ పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టి లేపింది, కొట్టుకుపోతున్న ఫిన్ కూడా తెచ్చిచ్చింది. నవ్వుతూ ఏదో అంది. భాష రాలేదు గానీ ఆ గొంతు మా అమ్మమ్మదే, తిట్టే అయ్యుంటుంది. మాస్క్ దొరకలేదు.

కాబట్టి అలలు విరిగే చోట రెగ్యులేటర్ నోట్లోంచి తీయకండి, మాస్క్ కళ్ల మీంచి తీయకండి. లోపలికి వెళ్లేటప్పుడు అంతే, వచ్చేటప్పుడూ అంతే. తేలడానికి వేసుకునే డైవింగ్ జాకెట్‌లో గాలి నింపుకుని, మాస్క్‌ని ఒక చేత్తో పట్టుకుని, అలల మధ్య విరామం చూసి కదలండి. బయటికి వచ్చేటప్పుడు లేచి నిలబడలేకపోతే పాకండి. పాకితే పరువేమీ పోదు, అందరూ పాకుతారు.

ఇప్పుడు డబ్బు సంగతి. బడ్జెట్ టైట్ అన్నారు. నా మాటగా అయితే మొదటి రూపాయి మాస్క్ మీద పెట్టండి. అద్దె మాస్క్ పదిమంది ముఖాలకు సరిపోతుంది గానీ మీ ముఖానికి సరిపోవాలని లేదు. షాపులో పట్టీ తగిలించుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగండి, చెయ్యి వదిలేసినా అతుక్కుని ఉంటే మీదే. మీసం ఉన్నవాళ్లు పై పెదవి దగ్గర కొంచెం కత్తిరించుకుంటే నీళ్లు దిగడం తగ్గుతుంది, మా నాన్న మాత్రం ససేమిరా అన్నాడు. రెండో రూపాయి బూట్ల మీద. గట్టి అడుగున్న డైవింగ్ బూట్లు, చీలమండ దాకా వచ్చేవి. మెత్తటి సాక్సుల్లాంటివి వద్దు, రాయి గుచ్చుకుంటుంది. బూట్లు కొంటే వాటికి సరిపడే ఓపెన్ హీల్ ఫిన్స్ అద్దెకి ఉన్నాయా అని ముందే మెసేజ్ పెట్టి కనుక్కోండి. చాలా చోట్ల పాదం మొత్తం దూర్చే రకం ఫిన్సే ఇస్తారు, వాటిలోకి బూటు దూరదు. అప్పుడు ఉత్త పాదాలతో ఆ రాళ్ల మీద నడవాలి. నలుగురూ ఒక్కో జత బూట్లు కొనుక్కుంటే చాలు, జాకెట్, రెగ్యులేటర్ అద్దెకి తీసుకోవచ్చు. ఓ విజిల్ కూడా పడేసుకోండి, దాని ఖరీదు చాయ్ ఖరీదు.

మరి స్నార్కెల్ ఎందుకు కొనమన్నట్టు? రోజులో మీరు డైవ్ చేసేది రెండుసార్లు, మహా అయితే మూడు. మొత్తం కలిపి మూడు గంటలు కూడా ఉండదు. మిగతా పొద్దంతా సముద్రం ఎదురుగా ఉంటుంది, చేతిలో డబ్బు ఉండదు. అక్కడ పనికొస్తుంది ఈ గొట్టం. తులాంబెన్‌లోనే కోరల్ గార్డెన్ అనే చోటుంది, ఒడ్డు నుంచి నాలుగు అడుగులేస్తే పగడాలు. లిబర్టీ పై భాగం కూడా స్నార్కెల్‌తో పైనుంచి చూడొచ్చు, కింద డైవర్ల బుడగలు వెండి నాణేల్లా పైకి వస్తుంటాయి. స్కూటర్ మీద అరగంట పోతే అమెడ్, అక్కడ జెమెలుక్ అనే చిన్న అఖాతం. ఇంకాస్త ముందుకి బన్యునింగ్ దగ్గర జపాన్ వాళ్ల చిన్న ఓడ ఒకటి ఒడ్డు పక్కనే మునిగి ఉంది, దాన్ని చూడ్డానికి ట్యాంకు అక్కర్లేదు.

దానికన్నా ముఖ్యం, ఆఖరి రోజు. రోజుల తరబడి డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, ఒంట్లో చేరిన నైట్రోజన్ మెల్లగా పోవాలి కాబట్టి. అంటే చివరి రోజు మీకు డైవింగ్ లేదు. ఆ రోజు చాలామంది హోటల్ గదిలో ఫోన్ చూసుకుంటూ గడుపుతారు, లేదా కొండలు చూద్దామని బయల్దేరుతారు. డైవ్ చేసిన రోజే కింతమణి లాంటి చోటికి వెళ్లకండి, అది దాదాపు 1,500 మీటర్ల ఎత్తు, విమానానికి చెప్పిన జాగ్రత్తే దానికీ వర్తిస్తుంది. స్నార్కెల్ పెట్టుకుని నీటి మీద తేలడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. తేలడం అంటే తేలడమే. ఊపిరి బిగబట్టి కిందికి మునిగే పోటీలు ఆ రోజు పెట్టుకోవద్దు.

ఏది కొనాలి? వంపు తిరిగిన మామూలు గొట్టం, మెత్తటి సిలికాన్ మౌత్‌పీస్, కింద నీళ్లు పోవడానికి ఓ వాల్వ్. నాది ఏడు వందలకి కొన్నాను, ఆరేళ్లయింది. పైన మూతలు, బంతులు ఉన్న ఖరీదైనవి చూపిస్తారు, ఆ బంతిలో ఇసుక రేణువు ఇరుక్కుంటే మూత తెరుచుకోదు, పీలిస్తే గాలి రాదు. నలుగురిలో మరీ భయస్తుడు ఎవరైనా ఉంటే మడిచి జాకెట్ జేబులో పెట్టుకునే రకం దొరుకుతుంది, అది కొనమనండి. జేబులో ఉంటే ఎవరికీ అడ్డం లేదు.

భయస్తుడు అన్నందుకు ఏమీ అనుకోవద్దు, వాడి మాట కూడా పూర్తిగా తప్పు కాదు. స్నార్కెల్ నన్ను ఆదుకున్న రోజు ఒకటుంది. ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్న హావ్‌లాక్‌లో, నెమో రీఫ్ దగ్గర. మీరు కోర్సు చేసింది కూడా అక్కడే అయ్యుండొచ్చు. ఇద్దరు కుర్రాళ్లతో ఒడ్డు నుంచి దిగాను. తిరిగి పైకి తేలేసరికి ఆటు వచ్చి నీరు బాగా వెనక్కి తీసేసింది. ఒడ్డుకీ మాకూ మధ్య పగడపు దిబ్బ, దాని మీద నడుము లోతు నీళ్లు కూడా లేవు. ఒక కుర్రాడి గేజ్ 40 బార్ దగ్గరుంది. వెల్లకిలా ఈదుదామంటే వెనక ఏముందో కనబడదు, ఫిన్స్ పగడాలకు తగులుతాయి. చేసేది లేక, ముగ్గురం స్నార్కెల్ పెట్టుకుని, ముఖం నీళ్లలో ఉంచి, పగడాల మధ్య ఇసుక సందులు వెతుక్కుంటూ వచ్చాం. ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యలో ఆ కుర్రాడు సముద్రపు దోసకాయ (సీ కుకుంబర్ అనే జీవి)ని చూసి, నోట్లో గొట్టంతోనే ఏదో అరిచాడు. అది క్లాసు కాబట్టి ముగ్గురికీ స్నార్కెల్ ఉంది, లేకపోతే లేదు. ఇలా ఒడ్డు నుంచి లోతు దాకా చాలా దూరం పల్చటి నీళ్లుండే చోట, పైపైనే వంద రెండొందల మీటర్లు ఈదాల్సిన చోట మాస్క్‌కి తగిలించుకునే వెళ్లండి. ఆటుపోట్ల టైము కనుక్కుని వెళ్తే ఇంకా మంచిది, ఆ రోజు నేను కనుక్కోలేదు.

ఒక్క మాట అదనంగా. బాలి దక్షిణాన ఉన్న కుటా వైపు హోటల్ తీసుకుని తులాంబెన్‌కి రోజూ వచ్చిపోదామని మాత్రం అనుకోకండి, ఒక్కో వైపు మూడు గంటలు. ఊళ్లోనే గది తీసుకోండి. తెల్లవారి ఆరింటికి నీళ్లలో ఉంటే బస్సుల్లో వచ్చే గుంపులు రాకముందే ఓడ మీకు దొరుకుతుంది. నుదుటి మీద బొప్పి కట్టినట్టుండే పెద్ద చిలకచేపలు ఆ టైములోనే అక్కడ తిరుగుతుంటాయి.

ప్రశ్న: మా పిల్లలకని ముఖం మొత్తం కప్పే స్నార్కెల్ మాస్క్ కొన్నాం. చాలా సౌకర్యంగా ఉంది. స్కూబాకి కూడా అదే వాడొచ్చా? - ఓ గృహిణి, విజయవాడ

జవాబు: వాడకూడదండీ. నోరు కూడా లోపలే ఉండిపోతుంది కదా, రెగ్యులేటర్ ఎక్కడ పెడతారు? కిందికి వెళ్లేటప్పుడు ముక్కు నొక్కి పట్టుకుని చెవుల్లోకి గాలి ఊదాలి, దానికీ మామూలుగా వీలుండదు. అది నీటి మీద నెమ్మదిగా తేలడానికి చేసిన వస్తువు. పిల్లలకి కూడా సరైన సైజుదేనా చూసుకోండి. పెద్దవాళ్లది చిన్న ముఖానికి పెడితే వదిలిన గాలే లోపల తిరుగుతుంది. గట్టిగా ఈదనివ్వకండి, చేతికందేంత దూరంలో మీరుండండి.

ప్రశ్న: అంకుల్, స్నార్కెల్ గొట్టం రెండు మీటర్లు ఉంటే ట్యాంకు లేకుండానే రెండు మీటర్ల లోతులో ఉండొచ్చు కదా? ఎందుకు తయారు చేయరు? - తొమ్మిదో తరగతి విద్యార్థి, కాకినాడ

జవాబు: ఈ ఐడియా నీ వయసులో నాకూ వచ్చింది నాన్నా. మా ఊరి చెరువులో ప్రయోగం కూడా అయింది. బొప్పాయి కాడలు బోలుగా ఉంటాయి కదా, రెండు కాడలు ఒకదాంట్లో ఒకటి దూర్చి, అతుకు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి నోట్లో పెట్టుకుని మునిగాను. అడుగున్నర లోతు దాకా బాగానే ఉంది. ఇంకొంచెం కిందికి పోయేసరికి ఎంత లాగినా ఛాతీ పొంగలేదు. గొట్టం మూసుకుపోయిందనుకున్నాను, మూసుకుపోలేదు. ఒక మీటరు లోతులో నీరు చదరపు సెంటీమీటరుకి 100 గ్రాముల బరువుతో నొక్కుతుంది. నీ ఛాతీ ముందు భాగం వెయ్యి చదరపు సెంటీమీటర్లు అనుకో, మొత్తం ఎంతయిందో లెక్క వేయి. వంద కిలోలు. గొట్టంలో వచ్చేదేమో పైనున్న మామూలు గాలి, దానికి ఆ బరువుని ఎత్తే శక్తి లేదు. ఎత్తాల్సింది నీ కండరాలే, వాటి వల్ల కాదు. రెగ్యులేటర్ అయితే ఆ లోతులో నీరు ఎంత నొక్కుతుందో అంతే ఒత్తిడితో గాలి ఇస్తుంది, అందుకే దాంతో హాయిగా పీల్చగలం. పైగా పొడుగు గొట్టంలో నువ్వు వదిలిన గాలి బయటికి పోదు, మళ్లీ అదే నీ లోపలికి వస్తుంది, కళ్లు తిరుగుతాయి. అందుకే స్నార్కెల్‌ని జానెడున్నర, రెండు జానల లోపే చేస్తారు. చెరువులో మాత్రం చేసి చూడకు. నన్ను మా చిన్నాన్న జుట్టు పట్టుకుని పైకి లాగాడు, నీకు పక్కన ఎవరుంటారో ఏమో.